220 డిగ్రీలని చెప్పిందెవరు?

సోమవారం ఉదయం నా ఇ-సిగరెట్టు మొదటి దమ్ముకే గొంతులో మాడిన పత్తి వాసన కొట్టింది. మంగళవారం అదే కాయిల్ (ద్రవాన్ని ఆవిరి చేసే తీగచుట్ట), అదే ద్రవం, అదే సెట్టింగు. కానీ బటన్ ఎంతసేపు నొక్కి పట్టినా పలచటి ఆవిరి తప్ప ఏమీ రాలేదు. రెండు రోజులూ తెర మీద ఒకే అంకె నిలకడగా కనిపించింది: 220 డిగ్రీలు. మొదట్లో టార్చిలైటు గొట్టాలను మాడిఫై చేసి ఈ పరికరాలను చేసుకునేవారు కనుక వీటికి ‘మాడ్’ అన్న పేరు వచ్చిందని నాకు తెలుసు. ఆ వారం మాత్రం అది మన ‘మాడు’ అన్న మాట నుంచే పుట్టి ఉంటుందని గట్టిగా నమ్మాను.

ఆ పరికరం ఏ కంపెనీదో ఇక్కడ అనవసరం, ఎందుకంటే తప్పు దానిది కాదని చివరికి తేలింది. తేలడానికి మూడు వారాలు పట్టింది. ఆ మూడు వారాల్లో నేను చేసిన పనులన్నీ ఈ అభిరుచి ఉన్నవాళ్లు దాదాపు అందరూ చేసేవే: సెట్టింగులు మార్చడం, పరికరం లోపలి ప్రోగ్రామైన ఫర్మ్‌వేర్‌ను మార్చడం, మళ్లీ సెట్టింగులు మార్చడం. కంప్యూటరుకు కలిపి అమర్చుకునే సాఫ్ట్‌వేర్ చేతిలో ఉండటమే నన్ను తప్పుదారి పట్టించిందని అప్పట్లో అనుకున్నాను. ఇప్పుడు అలా అనుకోవడం లేదు. ఆ సాఫ్ట్‌వేర్‌ను మనం తలకిందుల వరుసలో వాడుతున్నామన్నది నా వాదన. అది మనకు ఇచ్చే అసలైన సాయం మార్చడంలో లేదు, చూపించడంలో ఉంది. చూడకుండా మార్చినంత కాలం ప్రతి మార్పూ కొత్త జబ్బును తెచ్చిపెడుతుంది.

ముందుగా ఆ 220 ఎక్కడి నుంచి వస్తుందో చూడాలి. కాయిల్ దగ్గర థర్మామీటరు ఏదీ ఉండదు. ఇది తెలియని విషయం కాదు, తెలిసీ మరిచిపోయే విషయం. లోహపు తీగ వేడెక్కినప్పుడు దాని విద్యుత్ నిరోధం పెరుగుతుంది. ఎంత వేడికి ఎంత పెరుగుతుందో ఆ లోహపు గుణకం చెబుతుంది. పరికరం చల్లగా ఉన్న కాయిల్ నిరోధాన్ని ఒకసారి కొలిచి గుర్తుంచుకుంటుంది, దమ్ము లాగుతున్నప్పుడు మళ్లీ మళ్లీ కొలుస్తుంది, రెండింటి నిష్పత్తిని గుణకంతో పోల్చి ఇంత వేడి అని నిర్ధారిస్తుంది. కాంతల్ అనే మిశ్రమలోహపు తీగ నిరోధం వేడికి దాదాపు మారదు కనుక దానితో ఈ పని జరగదు. స్వచ్ఛమైన నికెల్ గుణకం సుమారు 0.006, టైటానియంది 0.0035, 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలుది ఇంచుమించు 0.0009. సాఫ్ట్‌వేర్‌లో టీసీఆర్ అన్న గడిలో మనం నింపేది ఈ అంకెనే. స్టీలుకు సాధారణంగా వాడే 0.00092ను కొన్ని పరికరాలు క్లుప్తంగా 92 అని చూపిస్తాయి.

అంటే తెర మీది ఉష్ణోగ్రత కొలిచి తెలుసుకున్నది కాదు, లెక్కగట్టినది. ఆ లెక్కలోకి మూడు విషయాలు వెళ్తాయి: చల్లటి నిరోధం, వేడి నిరోధం, గుణకం. వీటిలో ఏ ఒక్కటి తప్పినా జవాబు తప్పుతుంది, కానీ తెర మీది అంకెలో ఆ తడబాటు కనిపించదు. తప్పు లెక్కకు కూడా అది 220 అనే చెబుతుంది, ఎందుకంటే దాని దృష్టిలో అది 220యే.

నా స్టీలు కాయిల్ చల్లగా ఉన్నప్పుడు 0.5 ఓమ్. గది వేడి 20 డిగ్రీలు అనుకుంటే, 220కి చేరడానికి అది 200 డిగ్రీలు ఎక్కాలి. 0.00092ను 200తో గుణిస్తే 0.184, అంటే నిరోధం 0.5 నుంచి 0.592కి పెరగాలి. మొత్తం ప్రయాణమంతా ఓమ్‌లో పదో వంతు కూడా లేదన్నమాట. ఒక్కొక్క డిగ్రీకి వచ్చే తేడా 0.00046 ఓమ్. ఎక్కడో ఒక మర కాస్త వదులై 0.01 ఓమ్ తేడా వస్తే చాలు, లెక్క 21 డిగ్రీలకు పైగా తప్పిపోతుంది. నికెల్ రోజుల్లో ఈ ఇబ్బంది ఇంత తీవ్రంగా లేదు. నికెల్ నిరోధం 200 డిగ్రీల పెరుగుదలకు రెట్టింపును దాటిపోతుంది. కానీ నికెల్ మెత్తటి తీగ, చుట్టేటప్పుడే వంకర్లు పోతుంది, పైగా దాన్ని ఉష్ణోగ్రత హద్దు లేకుండా వాట్లు మాత్రమే పెట్టుకునే మామూలు వాటేజ్ పద్ధతిలో వాడకూడదు. స్టీలు రెండు పద్ధతుల్లోనూ పనిచేస్తుంది కనుక జనం స్టీలుకు మారారు, ఆ సౌకర్యానికి మూల్యంగా తప్పును సహించే వెసులుబాటు పోయింది. ఈ బేరం గురించి అమ్మేవాళ్లు చెప్పరు.

నేను మొదట చేసిన పని టీసీఆర్‌ను పెంచడం కాదు, తగ్గించడం. మాడుతోంది కాబట్టి గుణకం తక్కువ పెడితే అదే నిరోధానికి పరికరం ఎక్కువ వేడి ఉందనుకుని ముందే ఆగుతుందన్నది తర్కం. తర్కంలో తప్పు లేదు. 92ను 88 చేశాను, మాడటం తగ్గింది, నా తెలివికి నేనే మెచ్చుకున్నాను. మర్నాడు ఆవిరి రాలేదు. 100 చేశాను. రెండు రోజులు హాయిగా గడిచాయి. మూడో రోజు మళ్లీ మాడింది. ఒక కాగితం మీద తేదీ పక్కన అంకె రాసుకుంటూ వచ్చాను: 92, 88, 100, 90, 105, 95. జ్వరం తగ్గలేదని థర్మామీటరు మీది గీతలను చెరిపి మళ్లీ గీసుకుంటున్న మనిషికీ నాకూ తేడా లేదని అప్పుడు తోచలేదు.

రుచిని బట్టి టీసీఆర్‌ను సర్దుకోవడంలో తప్పేముందని నాతో వాదించేవాళ్లు ఉన్నారు, వాళ్ల వాదనలో కొంత బలం ఉంది కూడా. మార్కెట్లో దొరికే తీగ మీద 316 అని రాసినంత మాత్రాన అన్ని చుట్టలూ అచ్చంగా ఒకే మిశ్రమం కావు, గుణకం 0.00088 అనేవాళ్లూ ఉన్నారు, 0.00092 అనేవాళ్లూ ఉన్నారు. నాలుక కూడా ఒక పనిముట్టే కదా అంటారు. నిజమే. అయితే 88కీ 92కీ మధ్య తేడా ఎంత? 220 దగ్గర అది సుమారు 9 డిగ్రీలు. అంటే తీగలో నిజంగా ఉండగల అనిశ్చితి అంత మేరకే ఉంటుంది. అంతకు మించి అంకెను జరపవలసి వచ్చిందంటే మనం సవరిస్తున్నది తీగ గుణాన్ని కాదు, మరెక్కడో ఉన్న లోపాన్ని. ఆ లోపం స్థిరంగా ఉండేదైతే సవరణ కొన్నాళ్లు పనిచేస్తుంది. అది రోజుకో తీరుగా మారేదైతే మన సవరణ దానికి ఎదురుపడి పనిచేసేది ఒకరోజు, తోడుపడి చెడగొట్టేది ఒకరోజు.

మూడో వారం చివర విసుగుతో పరికరాన్ని కంప్యూటరుకు కలిపి, ఏ గడినీ ముట్టుకోకుండా, సాఫ్ట్‌వేర్‌లో అంతవరకూ అలంకారమనుకున్న గ్రాఫు కిటికీని తెరిచాను. అందులో వాట్లు, వోల్టులు, ఉష్ణోగ్రత, చల్లటి నిరోధం, అప్పటికప్పటి నిరోధం ఒక్కొక్కటి ఒక్కో రంగు గీతగా కదులుతుంటాయి. బటన్ నొక్కకుండా ఊరికే చూస్తున్నాను. నిరోధపు గీత 0.50 దగ్గర చదునుగా ఉంది. ద్రవం, కాయిల్ ఉండే ట్యాంకును బొటనవేలితో కాస్త పక్కకు నొక్కాను. గీత 0.53కి గెంతింది. వేలు తీశాను, 0.52. ఇటువైపు నొక్కాను, 0.50. అంతే. మూడు వారాల పరిశోధన అర నిమిషంలో ముగిసింది.

ట్యాంకును మాడ్‌కు బిగించే చోటును 510 కనెక్టర్ అంటారు. 7 మిల్లీమీటర్ల వ్యాసం, అర మిల్లీమీటరు మర. మధ్యలో స్ప్రింగు మీద కదిలే చిన్న పిన్ను ఒకటి ఉంటుంది. కాయిల్‌కు వెళ్లే కరెంటంతా ఆ పిన్ను గుండానే పోవాలి. ట్యాంకు అడుగు నుంచి ఊరిన ద్రవం ఆ గుంటలో చేరి, స్ప్రింగు చుట్టూ జిగురుగా పేరుకుపోయి, పిన్నును సగంలో పట్టి ఉంచింది. పిన్ను ఒకసారి గట్టిగా తగులుతుంది, ఒకసారి అంటీ అంటనట్టు ఉంటుంది. ఆ అంటీ అంటనితనం విలువ 0.03 ఓమ్.

ఆ 0.03 ఏం చేయగలదో లెక్క వేసి చూసినప్పుడు నిజంగా భయం వేసింది. పిన్ను బాగా తగిలి ఉన్నప్పుడు పరికరం చల్లటి నిరోధాన్ని 0.50గా పట్టుకుందనుకుందాం, ఆ తర్వాత పిన్ను వదులైందనుకుందాం. మొత్తం 0.592 కాగానే పరికరం ఆగుతుంది. కానీ అందులో 0.03 పిన్నుదే కనుక కాయిల్ వాటా 0.562 మాత్రమే, అంటే అసలు వేడి 155 డిగ్రీల దగ్గర. ఇది నా మంగళవారం. ఇప్పుడు తిప్పి చూద్దాం. పిన్ను వదులుగా ఉన్నప్పుడు పరికరం 0.53ను చల్లటి నిరోధంగా పట్టుకుంది, ఆపైన ట్యాంకు కాస్త కదిలి పిన్ను సరిగ్గా కూర్చుంది. 0.53కు 1.184 రెట్లు అంటే దాదాపు 0.6275 వచ్చేవరకు పరికరం కరెంటు పంపిస్తూనే ఉంటుంది. 0.50 ఓమ్ కాయిల్ అక్కడికి చేరాలంటే 297 డిగ్రీలకు వేడెక్కాలి. ద్రవంలో ఉండే గ్లిజరిన్ మరిగేది 290 దగ్గర. ఇది నా సోమవారం. రెండు రోజులూ తెర 220 అనే చూపించింది, రెండు రోజులూ తన లెక్క ప్రకారం అది నిజమే చెప్పింది.

ఒక దూది పుల్ల, నాలుగు చుక్కల ఐసోప్రొపైల్ ఆల్కహాల్. కొండను తవ్వి ఎలుకను పట్టానని నవ్వుకోవచ్చు, కానీ ఎలుక ఎక్కడుందో ముందే చూపించే దీపం నా చేతిలోనే ఉండగా కొండను తవ్వడం నా తప్పే. అప్పటి నుంచి నాది ఒకటే వరుస: ఏ ఫిర్యాదు వచ్చినా మొదట గీత చూడటం, ట్యాంకును నాలుగు వైపులా నొక్కి చూడటం, కాయిల్ కాళ్లను పట్టి ఉంచే మరలను బిగించి చూడటం. గీత చదునుగా ఉన్నాకే గడుల జోలికి.

గీత చదునుగా ఉన్నా లెక్క తప్పగల చోటు మరొకటి ఉంది, అది మన చేతిలోనే ఉంటుంది. కొత్త ట్యాంకు బిగించగానే చాలా పరికరాలు ‘కొత్త కాయిలా, పాతదేనా’ అని అడుగుతాయి. అప్పుడే వాడి తీసిన ట్యాంకును మళ్లీ బిగించి కొత్తదని చెబితే, ఇంకా వేడిగా ఉన్న కాయిల్ నిరోధమే చల్లటి నిరోధంగా నమోదవుతుంది. నా 0.5 ఓమ్ కాయిల్ 60 డిగ్రీల దగ్గర ఉండగా అలా తాళం పడితే 220 అని పెట్టిన చోట నిజంగా వచ్చేది 267. గట్టిగా పది నిమిషాలు ఆగి జవాబిస్తే జరగని ఈ పొరపాటును సరిదిద్దడానికి ఎంతమంది టీసీఆర్‌ను ఎంత దూరం లాగి ఉంటారో ఊహించగలను, వాళ్లలో నేనూ ఉన్నాను కనుక.

మాడ్ లోపలి తీగలకూ కనెక్టరుకూ సొంత నిరోధం కొంత ఉంటుంది, ఓమ్‌లో కొన్ని వేల వంతులు. మాడ్‌ను నడిపే సర్క్యూట్లైన ఇవాల్వ్ కంపెనీ డీఎన్ఏ బోర్డులకు వచ్చే ఈస్క్రైబ్ సాఫ్ట్‌వేర్‌లో దీని కోసం ప్రత్యేకంగా ఒక గడి ఉంది. కాయిల్ స్థానంలో మందపాటి రాగి తీగ బిగించి, అక్కడ కనిపించిన నిరోధాన్ని ఆ గడిలో రాస్తే ఇకపై పరికరం దాన్ని తీసివేసి లెక్క కడుతుంది. 0.008 ఓమ్‌ను పట్టించుకోకపోతే నా స్టీలు కాయిల్ 3 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది, అది నాలుకకు తెలియదు. 0.12 ఓమ్ నికెల్ కాయిల్ అయితే 13 డిగ్రీలు. ఇది ఒకసారి చేసి మరిచిపోదగిన పని.

బ్యాటరీ విషయంలోనూ ఇదే కథ, కాకపోతే ఇక్కడ తప్పు వరుస ప్రమాదకరం. ‘బ్యాటరీ బలహీనంగా ఉంది’ అన్న సందేశం కనిపించగానే సాఫ్ట్‌వేర్‌లోకి వెళ్లి, ఎంతకు దిగితే పరికరం ఆగాలో చెప్పే కటాఫ్ వోల్టేజీని కిందికి దించేవాళ్లను చూశాను. సందేశం పోతుంది, సందేశానికి కారణం పోదు. పెట్టినన్ని వాట్లను నిలకడగా ఇచ్చే రెగ్యులేటెడ్ మాడ్‌లో బ్యాటరీ వోల్టేజీ తగ్గేకొద్దీ దాని మీద పడే కరెంటు పెరుగుతుందన్నది చాలామందికి తలకిందులుగా తోచే విషయం. 60 వాట్లు కావాలంటే, బోర్డు సామర్థ్యం 90 శాతమనుకుంటే, నిండుగా 4.2 వోల్టులున్న ఒంటరి సెల్ నుంచి లాగేది సుమారు 16 ఆంపియర్లు. అదే సెల్ 3.2కి దిగితే దాదాపు 21. ఎక్కువ ఆంపియర్లకు తగినవని పేరున్న 18650 సైజు సెల్‌లలో చాలావాటి నిరంతర పరిమితి 15 నుంచి 25 మధ్యనే ఉంటుంది. సెల్ లోపలి నిరోధం 0.03 ఓమ్ ఉంటే 20 ఆంపియర్ల దగ్గర 0.6 వోల్టు అక్కడే పోతుంది. సెల్ పాతబడి ఆ నిరోధం రెట్టింపైతే 1.2 వోల్టులు. విశ్రాంతిలో 3.7 చూపించిన సెల్ బటన్ నొక్కగానే 2.5కి కూలిపోవడం, బటన్ వదలగానే మళ్లీ లేచి కూర్చోవడం గ్రాఫులో కళ్లకు కట్టినట్టు కనిపిస్తుంది. సందేశం నిజమే చెబుతోంది. ఆ సెల్‌కు అన్ని వాట్లు మోసే ఓపిక లేదు. వాట్లు తగ్గించాలి, లేదా సెల్ మార్చాలి. 18650 పైమూత తప్ప మిగతా డబ్బా అంతా రుణ ధ్రువమే కనుక చుట్టి ఉన్న ప్లాస్టిక్ పొర మీది అంచున చిరిగితే షార్ట్ అయ్యే ప్రమాదం ఉంది. దాన్ని చూపించే గ్రాఫు ఏ సాఫ్ట్‌వేర్‌లోనూ లేదు, బయటికి తీసి కళ్లతోనే చూసుకోవాలి.

ఇక ఫర్మ్‌వేర్. జాయ్‌టెక్, విస్మెక్ పరికరాల కోసం బయటివాళ్లు రాసిన ఆర్కిటిక్‌ఫాక్స్‌ను నేను అభిమానంతో వాడినవాణ్ణే. తయారీదారు ఇచ్చిన ఫర్మ్‌వేర్‌లో మూడు నాలుగు సెట్టింగులుంటే, ఇందులో ప్రొఫైళ్లు, పవర్ కర్వులు, టీసీఆర్ ఒక్కటే కాకుండా ఒక్కో ఉష్ణోగ్రత దగ్గర ఒక్కో నిష్పత్తి రాసుకునే వక్రాలు, బ్యాటరీ వక్రాలు, కొలతను సరిచేసే షంట్ విలువ, అన్నిటికీ మించి ప్రత్యక్షంగా కదిలే గ్రాఫు ఉన్నాయి. నికెల్ లాంటి లోహానికి గుణకం అన్ని వేడుల దగ్గరా ఒకేలా ఉండదు, అలాంటి చోట వక్రం నిజంగా అవసరం. కాయిల్ బరువును బట్టి మొదటి అర సెకనో, సెకనో ఎక్కువ వాట్లు పంపే ప్రీహీట్ కూడా ఉపయోగమున్నదే, ఎందుకంటే లావుపాటి తీగ వేడెక్కడానికి సమయం తీసుకుంటుంది, దమ్ము లాగే మనిషి అంతసేపు ఆగడు. ఇవన్నీ మంచి మార్పులే. కానీ నా అనుభవంలో ఈ ఫర్మ్‌వేర్‌కు మారిన నలుగురిలో ముగ్గురు గ్రాఫు తెరవరు. తెర మీద తమకు నచ్చిన బొమ్మ పెట్టుకుంటారు. నేను ఒక ఆదివారమంతా 64 పిక్సెళ్ల వెడల్పులో నా పేరు తెలుగులో పట్టించడానికి తంటాలు పడ్డాను, ఒత్తులు ముద్దయిపోయాయి.

ఫర్మ్‌వేర్ మార్చేవాళ్లకు నేను చెప్పేవి రెండే. పరికరాన్ని కంప్యూటరు గుర్తించకపోతే డ్రైవర్ల కోసం రాత్రంతా వెతకకముందు కేబుల్ మార్చి చూడాలి. చార్జింగు తీగలు మాత్రమే ఉండి డేటా తీగలు లేని కేబుళ్లు ప్రతి ఇంట్లోనూ అచ్చం అసలైన వాటిలాగే కనిపిస్తూ పడి ఉంటాయి. రెండోది, మార్చేముందు ఇప్పుడున్న అమరికలను ఫైలుగా దాచుకోవాలి, ఎక్కించేది తమ మోడల్‌కు, ఆ హార్డ్‌వేర్ వెర్షన్‌కు సరిపోయేదో లేదో చూసుకోవాలి. మధ్యలో ఆగిపోయినంత మాత్రాన పరికరం చచ్చిపోదు, మొదట మేలుకొనే బూట్‌లోడర్ మెమరీలో వేరే చోట ఉంటుంది కనుక చాలాసార్లు మళ్లీ ఎక్కించవచ్చు. అయితే మురికి పిన్నుకు ఫర్మ్‌వేర్ మందు కాదు. నా మూడు వారాల్లో రెండోది ఆ ప్రయోగానికే ఖర్చయింది.

ఇంత గొడవ ఎవరికి కావాలి, సిగరెట్టు మానాలనుకున్న మనిషికి గ్రాఫులెందుకు, నొక్కితే పనిచేసే మూసిన పరికరమే మేలు కదా అన్న ప్రశ్న నాకు చాలాసార్లు ఎదురైంది. ఆ మనిషికి గ్రాఫు అక్కరలేదని నేనూ ఒప్పుకుంటాను. సిగరెట్టు అలవాటే లేనివాడికైతే ఈ పరికరమే అక్కరలేదు, అది వేరే మాట. ఇవాల్వ్ తన డార్విన్ పరికరంతో వోల్టులకు బదులు వాట్లు పెట్టుకునే పద్ధతి తెచ్చినప్పుడు, 2014లో డీఎన్ఏ 40తో ఉష్ణోగ్రతకు హద్దు పెట్టినప్పుడు, ఉద్దేశం మనిషి లెక్కలు మాని పరికరానికి అప్పగించడమే. మూసిన పరికరం ఆ దారిలో సహజమైన తర్వాతి అడుగు అంటే కాదనలేను.

కాదనేది ఒక్కచోట. 2015లో డీఎన్ఏ 200 లెక్కను పరికరానికి అప్పగిస్తూనే ఆ లెక్కను చూసే కిటికీని కూడా ఈస్క్రైబ్ రూపంలో ఇచ్చింది. మూసిన పరికరాలు లెక్కను ఉంచుకుని కిటికీని తీసేశాయి. వాడేవాడు రోజూ చూడనక్కరలేదు. కానీ చెడినప్పుడు చూడగలగాలి, వాడు కాకపోతే వాడి తరఫున ఇంకొకరు చూడగలగాలి.

ఇది అభిరుచి గలవాళ్ల చాదస్తం కాదనడానికి ఒక ఉదాహరణ ఇస్తాను. 2015 జనవరిలో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో ఒక లేఖ అచ్చయింది. 3.3 వోల్టుల దగ్గర కనిపించని, హానికరమైన ఫార్మాల్డిహైడ్‌ను విడుదల చేయగల సమ్మేళనాలు 5 వోల్టుల దగ్గర కనిపించాయని అందులో పరిశోధకులు రాశారు. అదే సంవత్సరం అడిక్షన్ పత్రికలో ఫార్సలినోస్ అనే పరిశోధకుడి బృందం, ఫార్మాల్డిహైడ్ లాంటి ఆల్డిహైడ్లు పెద్ద మోతాదులో పుట్టేది వత్తి ఎండి మాడినప్పుడేననీ, ఆ రుచిని వాడేవాళ్లు గుర్తుపట్టి మానేస్తారనీ జవాబిచ్చింది. ఎవరి పక్షం వహించినా ఒకటి గమనించాలి: చర్చ చాలావరకు వోల్టులు, వాట్ల మీదా, రుచి మీదా నడిచింది. వోల్టు ఒక్కటే చెబితే కాయిల్ ఎంత వేడెక్కిందో తెలియదు. నిరోధం కావాలి, వత్తి తడి కావాలి, గాలి ఎంత వెళ్లిందో కావాలి. కాయిల్ వేడి సెకను సెకనుకూ ఎలా మారిందో చూపించే ఒక గీత అక్కడ ఉండి ఉంటే ఇరుపక్షాలూ కనీసం ఒకే విషయం గురించి వాదించుకునేవి.

చట్టాలు రాసేవాళ్లు ఈ కిటికీని ఎలా చూశారన్నది మరీ విచిత్రం. 2016 ఆగస్టు 8న అమలులోకి వచ్చిన నిబంధనతో అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ పరికరాలను పొగాకు ఉత్పత్తుల కిందికి తెచ్చినప్పుడు, వాటి భాగాలకు ఉదాహరణలుగా ఇచ్చిన జాబితాలో అటమైజర్లు (కాయిల్ ఉండే భాగాలు), బ్యాటరీలతో పాటు ప్రోగ్రామ్ చేయగల సాఫ్ట్‌వేర్ కూడా ఉంది. సాఫ్ట్‌వేర్‌ను పరికరంలో భాగంగా గుర్తించడం సబబే. కానీ ఆ చూపంతా దాని మార్చే శక్తి మీదే ఉన్నట్టు కనిపిస్తుంది, చూపించే శక్తి మీద కాదు. యూరోపియన్ యూనియన్ 2014 ఆదేశం ట్యాంకును 2 మిల్లీలీటర్లకు, నికోటిన్‌ను మిల్లీలీటరుకు 20 మిల్లీగ్రాములకు కట్టడి చేయడమే కాకుండా, మామూలు వాడకంలో నికోటిన్ మోతాదు నిలకడగా అందాలని కూడా అంటుంది. మంచి షరతే. ఒకే సెట్టింగులో 155 నుంచి 297 దాకా ఊగిన నా పరికరం ఆ షరతును ఎంత నిలకడగా పాటించిందో చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే, అదీ గ్రాఫు తెరిచాకే. మూసిన పరికరంలో పిన్ను మురికి పట్టదని కాదు, పడితే తెలిసే దారి లేదు. మార్చే గడులకు తాళం వేయండి, అభ్యంతరం లేదు. చదివే గీతను మాత్రం ప్రతి పరికరం మీదా తప్పనిసరి చేయండి అని నేను అడుగుతాను. నిరోధం, వాట్లు, బ్యాటరీ వోల్టేజీ: మూడు అంకెలు బయటికి ఇవ్వడానికి కొత్తగా ఏదీ కనిపెట్టనక్కరలేదు, లోపల అవి ఇప్పటికే ఉన్నాయి.

నా కాగితం మీద 92, 88, 100, 90, 105, 95 అన్న వరుసను కొట్టేసి కింద మళ్లీ 92 రాశాను. దాని పక్కన ఇప్పుడు రాసేది చల్లటి నిరోధం ఒక్కటే, వారానికొకసారి: 0.503, 0.504, 0.503. మొన్న ఒక స్నేహితుడు తన మూసిన పరికరాన్ని తెచ్చి, రెండు రోజులుగా మాడు వాసన వస్తోంది, కాస్త చూడమన్నాడు. అలవాటుగా కేబుల్ తీసి కలిపాను; చార్జింగు మొదలైంది, అంతకు మించి ఏమీ లేదు. బటన్ నొక్కితే పక్కనున్న చిన్న దీపం మూడుసార్లు మెరిసి ఆరిపోయింది. మూడు మెరుపులకు అర్థమేమిటని అడిగాను. అది రాసి ఉన్న కాగితాన్ని అట్టపెట్టెతో పాటే ఎప్పుడో పారేశాడట.